విలేకరి ప్రశ్న, రియాలిటీ టెలివిజన్ తీర్పు: 'యూవ్ బీన్ ట్రంప్డ్' డాక్యుమెంటరీ – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
స్కాట్లండ్ ఈశాన్యతీరంలోని మెనీ ఎస్టేట్‌లో డొనాల్డ్ ట్రంప్ చేపట్టిన గోల్ఫ్ మైదాన నిర్మాణాన్నీ, దాని పొరుగున నివసించే కుటుంబాలు పడిన ఇబ్బందుల్నీ చిత్రించిన డాక్యుమెంటరీ 'యూవ్ బీన్ ట్రంప్డ్' (2011). దీని దర్శకుడు ఆంథనీ బాక్స్టర్ ఆ తీరప్రాంతానికే చెందిన విలేకరి. చిత్రీకరణ జరుగుతుండగా ఆయన అరెస్టయ్యారు. రియాలిటీ టెలివిజన్ కథను అల్లే తీరుకూ, విలేకరి వాస్తవాన్ని సేకరించే తీరుకూ మధ్యనున్న వైరుధ్యాన్ని ఆధారం చేసుకొని ఈ వ్యాసం ఆ చిత్రాన్ని అంచనా వేస్తుంది. రియాలిటీ టెలివిజన్ ప్రముఖుణ్ణి ఎదుర్కొన్న విలేకరి తానే ఆ ప్రక్రియలోకి ఎంతవరకు జారిపోయారు అన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: డాక్యుమెంటరీ, స్థానిక విలేకరి, రియాలిటీ టెలివిజన్, ఆంథనీ బాక్స్టర్, మెనీ ఎస్టేట్, ధీరోద్ధతుడు, 'లోకల్ హీరో'.

ప్రస్తావన

విలేకరికీ ప్రముఖుడికీ మధ్య వైరం కొత్తది కాదు. ప్రముఖుడికి కీర్తి కావాలి, విలేకరికి వార్త కావాలి. రెండూ ఒకచోట దొరికినంతకాలం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. అయితే రియాలిటీ టెలివిజన్ తయారుచేసిన ప్రముఖుడు పాతకాలపు ప్రముఖుడికన్నా భిన్నుడు. సినిమానటుడు తెరమీద వేరొకరి పాత్ర ధరిస్తాడు. తెర దిగిన తరువాత అతడు వేరు, పాత్ర వేరు అని ప్రేక్షకుడికి తెలుసు. రియాలిటీ కార్యక్రమంలోని వ్యక్తి తన పేరుతో, తన ముఖంతో, తన ఆస్తిపాస్తులతో తన పాత్రనే తాను ధరిస్తాడు. అతణ్ణి ప్రశ్నించే విలేకరి మనిషిని ప్రశ్నిస్తున్నాడో, పాత్రను ప్రశ్నిస్తున్నాడో తేల్చుకోవడం కష్టం. జవాబు కూడా పాత్రనుంచే వస్తుంది.

ఈ చిక్కును సిద్ధాంతంగా చర్చించినవారు చాలామంది. దాన్ని ఒక ఊరిలో, ఒక ఇసుకతీరంలో, కొద్ది ఇళ్ళ మధ్య నిలబెట్టి చూపిన చిత్రంగా 'యూవ్ బీన్ ట్రంప్డ్'ను చెప్పుకోవాలి. శీర్షికలో ఉన్నది పేకాట పరిభాష: ఎదుటివారి ముక్కమీద తురుపు పడింది, ఆట పోయింది అని. అదే మాటలో వ్యక్తి పేరూ ఇమిడి ఉంది. 2016 తరువాత ఈ చిత్రాన్ని చూసినవారిలో చాలామంది దాన్ని జోస్యంగా చదివారు. ఆ చదువు చిత్రానికి గౌరవం తెచ్చినట్లు కనిపించినా నిజానికి దాన్ని చిన్నది చేస్తుంది. ఒక దేశాధ్యక్షుడి పూర్వచరిత్రగా చూసినప్పుడు మెనీలోని ఇళ్ళు నేపథ్యంగా మిగిలిపోతాయి. చిత్రం తీసిన కాలానికి ట్రంప్ అధ్యక్షుడు కాదు, అభ్యర్థీ కాదు. ఆయన న్యూయార్క్ స్థిరాస్తి వ్యాపారి. 2004 జనవరినుంచి ఎన్‌బీసీలో ప్రసారమైన 'ది అప్రెంటిస్' ద్వారా ఇంటింటికీ తెలిసిన వ్యక్తి. ఈ పరిశీలన ఆ హద్దులోనే సాగుతుంది.

మెనీ: ఇసుక, అనుమతి

అబర్డీన్ నగరానికి ఉత్తరాన, బాల్మెడీ గ్రామానికి సమీపంలో ఉంది మెనీ ఎస్టేట్. ట్రంప్ దాన్ని 2006లో కొన్నారు. సముద్రానికి ఆనుకొని ఉన్న ఇసుకదిబ్బలలో కొంతభాగం ఫోవెరాన్ లింక్స్ అనే పేరుతో 'ప్రత్యేక శాస్త్రీయ ప్రాధాన్యం గల స్థలం'గా రక్షణ పొందింది. ఆ దిబ్బల విశేషం వాటి అందం కాదు, చలనం. గాలివాటుకు ఇసుకంతా ఏటా కొన్ని మీటర్ల చొప్పున జరుగుతూ ఉంటుంది; ఇసుక కదిలేకొద్దీ దాని వెనుక కొత్త తడినేలలు, కొత్త మొక్కలు పుడతాయి. గోల్ఫ్ ఆటకు కదిలే నేల పనికిరాదు. దిబ్బలమీద గడ్డి నాటి ఇసుకను స్థిరపరచాలి. స్థిరపడిన మరుక్షణం శాస్త్రజ్ఞులకు కావలసిన గుణం పోతుంది. కాబట్టి ఇక్కడ రాజీకి చోటు తక్కువ. మైదానమో, దిబ్బో, రెండింటిలో ఒకటే మిగులుతుంది.

ప్రతిపాదన పెద్దది: రెండు గోల్ఫ్ మైదానాలు, 450 గదుల హోటలు, 950 విడిది ఇళ్ళు, 500 నివాసగృహాలు, పెట్టుబడి వంద కోట్ల పౌండ్లు, సుమారు 6,000 ఉద్యోగాలు. చమురు నిల్వలు ఒకనాటికి తరిగిపోతాయని ఎరిగిన అబర్డీన్ ప్రాంతానికి ఈ అంకెలు సామాన్యమైనవి కావు. 2007 నవంబరు 29న అబర్డీన్‌షైర్ కౌన్సిల్ ఉపసంఘంలో ఓట్లు ఏడు ఏడుగా చీలిపోయాయి. అధ్యక్షుడు మార్టిన్ ఫోర్డ్ తన నిర్ణాయక ఓటుతో అనుమతి నిరాకరించారు. రోజుల వ్యవధిలో స్కాట్లండ్ ప్రభుత్వం ఆ వ్యవహారాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఆ తరువాత కౌన్సిల్ ఫోర్డ్‌ను ఉపసంఘం అధ్యక్షపదవినుంచి తొలగించింది. 2008 వేసవిలో బహిరంగవిచారణ జరిగింది. నవంబరులో ఆర్థికమంత్రి జాన్ స్విన్నీ అనుమతి మంజూరు చేశారు. అప్పటి ప్రథమమంత్రి అలెక్స్ సాల్మండ్ నియోజకవర్గం గోర్డన్ పరిధిలోనే మెనీ ఉంది.

వ్యాసవిషయానికి దగ్గరైన సంగతి మరొకటి ఉంది. అనుమతి నిరాకరించిన ఏడుగురు కౌన్సిలర్లను ఒక స్థానిక పత్రిక ద్రోహులుగా చిత్రించింది. స్థానికపత్రిక ఎవరి పక్షాన ఉండాలి అనే ప్రశ్నకు ఒక్కటే జవాబు లేదు. ప్రాంతం బాగుపడాలని కోరుకోవడం పత్రిక నేరం కాదు. కాని ఓటు వేసిన ప్రజాప్రతినిధిని ద్రోహిగా ముద్రించిన పత్రిక, పెట్టుబడిదారుడి అంకెల్ని అంతే కటువుగా పరీక్షించిందా అన్నది అడగవలసిన ప్రశ్న. విలేకరుల సమావేశాలకు పిలుపు అందుకుని వెళ్ళేవారు, పిలుపు లేకుండా ఇంటిముందు నిలబడి అడిగేవారు అని పత్రికారచయితలు రెండు జాతులుగా చీలిన కాలం అది. బాక్స్టర్ రెండవ జాతికి చెందినవారు. అబర్డీన్‌కు దక్షిణాన తీరం వెంబడి ఉన్న మాంట్రోజ్ పట్టణం ఆయన నివాసం. చిత్రానికి నిధులు దొరకక సొంత ఇంటిని తాకట్టుపెట్టారు. ఇల్లు పోతుందేమో అని బెదిరినవారి కథను ఇల్లు తాకట్టుపెట్టి తీసిన మనిషి ఆయన. ఈ సామ్యాన్ని చిత్రం ఎక్కడా ఎత్తి చూపదు; చూపకపోవడమే మర్యాదగా ఉంది.

తీర్పు ముందు, సాక్ష్యం తరువాత

'ది అప్రెంటిస్' ఆకృతి సులభం. పోటీదారులు రెండు జట్లుగా ఏదో ఒక వ్యాపారకార్యం చేస్తారు. ఓడిన జట్టు సమావేశమందిరంలోకి వస్తుంది. పెద్దకుర్చీలోని యజమాని ఒకరిని ఉద్యోగంనుంచి తీసేస్తాడు. ఆ మందిరం ట్రంప్ టవర్‌లో ప్రత్యేకంగా కట్టిన సెట్టు. కార్యక్రమానికి పనిచేసిన ఎడిటర్లు తరువాతికాలంలో వెల్లడించిన ఒక సంగతి ఇక్కడ ముఖ్యం. యజమాని ఎవరిని తీసేస్తారో ముందుగా తెలిసేది కాదు. ఒక్కోసారి బాగా పనిచేసినవారే బయటికి పోయేవారు. అప్పుడు ఎడిటర్లు చిత్రీకరించిన గంటల దృశ్యాల్లోకి వెనక్కి వెళ్ళి, ఆ వ్యక్తి తప్పుచేసినట్లు కనబడే ముక్కల్ని వెతికి, తీర్పు సమంజసమని తోచేలా కథను కూర్చేవారు.

రియాలిటీ టెలివిజన్ కథనపద్ధతి సారమంతా ఇదే: తీర్పు ముందు వస్తుంది, సాక్ష్యం దాని వెంట నడుస్తుంది. విలేకరి వృత్తి దీనికి తలకిందులు. సాక్ష్యం ముందు సేకరించాలి. తీర్పు ఇవ్వాలో వద్దో కూడా సాక్ష్యమే చెప్పాలి. మెనీలో ఘర్షించినవి ఇద్దరు మనుషుల అహంకారాలు మాత్రమే కావు, ఈ రెండు పద్ధతులు. స్థలం అమ్మడానికి నిరాకరించిన జాలరి-రైతు విషయంలో ఇది స్పష్టంగా కనబడుతుంది. ఆయన పొలంలో తుప్పుపట్టిన యంత్రాలున్నాయి, పాత పాకలున్నాయి. కొట్టంగోడమీద ట్రంప్ అబద్ధాలు ఇక చాలు అనే అర్థంలో పెద్ద అక్షరాలున్నాయి. ట్రంప్ ఆ స్థలాన్ని మురికివాడతోనూ పందులదొడ్డితోనూ పోల్చారు. అది తీర్పు. ఇక ఆ తరువాత కెమెరా ఎటు తిరిగినా ఆ తుప్పుపట్టిన యంత్రాలు సాక్ష్యంగానే కనిపించాలి. బాక్స్టర్ అదే పొలంలోకి వెళ్ళి తాపీగా కూర్చుంటారు. అప్పుడా యంత్రాలు పనిముట్లుగా కనబడడం మొదలవుతుంది. చిత్రంలో ఉత్తమమైన విమర్శ మాటల్లో లేదు, ఈ చూపులోని నిదానంలో ఉంది.

2008 జూన్‌లో, విచారణ జరగబోయే ముందు, ట్రంప్ తన తల్లి పుట్టిపెరిగిన లూయిస్ దీవికి వెళ్ళారు. తల్లి మేరీ ఆన్ మెక్లాడ్ 1912లో అక్కడి టాంగ్ అనే ఊరిలో పుట్టారు. ఆ ఇంటిలో కొడుకు గడిపిన కాలాన్ని విలేకరులు గడియారం పెట్టి లెక్కించారు: 97 సెకన్లు. ఈ చిన్న అంకె వంద సంపాదకీయాలకు సాటి. అందులో వ్యాఖ్య లేదు, విశేషణం లేదు. గడియారం మాత్రమే ఉంది. రియాలిటీ టెలివిజన్ ప్రముఖుడి ఎదుట విలేకరికి మిగిలిన ఆయుధం ఎటువంటిదో ఆ అంకె చెబుతుంది.

భారతీయ అలంకారశాస్త్రం నాయకుణ్ణి నాలుగు విధాలుగా విభజించింది. అందులో ధీరోద్ధతుడికి ధనంజయుడు దశరూపకంలో చెప్పిన లక్షణాల్లో దర్పం, మాత్సర్యం, అహంకారం, చంచలత, చండత్వం, వికత్థనం ఉన్నాయి. వికత్థనం అంటే ఆత్మశ్లాఘ. ప్రపంచంలోకెల్లా గొప్ప గోల్ఫ్ మైదానం కడతాను అని పదేపదే చెప్పుకొనే వ్యక్తిని చూసినప్పుడు ఈ మాట స్ఫురించకమానదు. అయితే ఉద్ధతత్వం కావ్యంలో ఎదుటిపక్షం బలాన్నిబట్టి రాణిస్తుంది. భీముడి ఆత్మశ్లాఘ దుర్యోధనుడి ముందు రౌద్రమవుతుంది. బావినీళ్ళమీద బతికే వృద్ధురాలి ముందు అది ఏ రసమూ కాలేదు. చిత్రం ఈ సంగతిని సగమే గ్రహించింది. కొన్ని దృశ్యాల్లో ట్రంప్‌ను ప్రహసనపాత్రగా మార్చి నవ్వించాలన్న తొందర కనబడుతుంది. డాంబికుడిని చూసి నవ్వడం ప్రేక్షకుడికి హాయిగానే ఉంటుంది. కాని అతడి డాంబికమే అతడి సరుకు అయినప్పుడు ఆ నవ్వు కూడా అతడి లెక్కలోనే జమ అవుతుంది. పదకొండేళ్ళకు పైగా ఒక కార్యక్రమాన్ని నడిపించిన మనిషికి ఇది తెలియనిది కాదు.

నీళ్ళు ఎప్పుడు వస్తాయి?

చిత్రానికి వెన్నెముకగా నిలిచిన ఘట్టం 2010 జూలై నాటిది. నిర్మాణపనుల్లో పొరుగు ఇళ్ళకు నీరు అందించే వ్యవస్థ దెబ్బతిన్నది. రోజులు గడిచినా నీళ్ళు రాలేదు. రైతు తల్లి, వయోవృద్ధురాలు, నీళ్ళు బయటినుంచి మోసుకుని తెచ్చుకోవలసి వచ్చింది. బాక్స్టర్, నిర్మాత రిచర్డ్ ఫిన్నీ నిర్మాణస్థలంలోని కార్యాలయానికి వెళ్ళి, నీళ్ళు ఎప్పుడు పునరుద్ధరిస్తారు అని అడిగారు. తరువాత పొరుగునున్న ఒక ఇంటికి వెళ్ళి అక్కడివారితో మాట్లాడుతుండగా పోలీసులు వచ్చారు. కెమెరా తిరుగుతూనే ఉంది. సంకెళ్ళు వేశారు, పరికరాలు స్వాధీనం చేసుకున్నారు, కొన్ని గంటలు నిర్బంధించి, శాంతిభంగం నేరం మోపారు. తరువాత ఆ ఆరోపణను ఉపసంహరించారు. జర్నలిస్టుల జాతీయసంఘం అరెస్టును ఖండించింది.

అడిగిన ప్రశ్నను మళ్ళీ చూడాలి. పర్యావరణం గురించి కాదు, ప్రజాస్వామ్యం గురించి కాదు, పెట్టుబడుల గురించి కాదు. నీళ్ళు ఎప్పుడు వస్తాయి అని. ఊళ్ళో పనిచేసే విలేకరి అడిగే ప్రశ్నలన్నీ దాదాపు ఇటువంటివే. మండలకేంద్రంనుంచి కొళాయిల మరమ్మతు గురించి నాలుగు వాక్యాల వార్త పంపే కంట్రిబ్యూటర్లను ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఇటువంటి ప్రశ్నకు రెండే జవాబులు: ఫలానా రోజున వస్తాయి, లేదా తెలియదు. ప్రముఖుడి పాత్రకు ఇందులో చోటు లేదు. ప్రపంచంలోకెల్లా గొప్పది అనే మాట ఇక్కడ అతకదు. సమావేశమందిరం, పెద్దకుర్చీ, బహిష్కరణ అన్నీ ఈ ప్రశ్న ముందు నిరుపయోగం. అడగగానే గౌరవంగా జవాబివ్వదగిన చిన్న ప్రశ్న చివరకు సంకెళ్ళదాకా వెళ్ళడంలోని అసంగతత్వాన్ని చిత్రం వ్యాఖ్యానం లేకుండా చూపింది.

స్కాట్లండ్ చట్టం నేపథ్యం తెలిస్తే ఈ ఘట్టం మరింత పదునుగా అర్థమవుతుంది. శాంతిభంగం అక్కడ సుదీర్ఘమైన న్యాయసంప్రదాయంనుంచి వచ్చిన నేరం. దాని పరిధి విశాలం. మరోవైపు 2003 నాటి భూసంస్కరణ చట్టం బాధ్యతాయుతంగా నడుచుకునే ఎవరికైనా చాలా భూములమీద సంచరించే హక్కు ఇస్తుంది. గోల్ఫ్ మైదానం మీదుగా దాటిపోవడానికి కూడా ఆటకు అడ్డం రానంతవరకు అందులో అవకాశముంది. అమెరికాలో ప్రవేశం నిషిద్ధం అనే పలక పెట్టినంత తేలికగా స్కాట్లండ్‌లో పెట్టడం కుదరదు. తన భూమిలోకి వచ్చినవాడు తన కార్యక్రమంలోకి వచ్చినవాడే అనుకునే వ్యక్తికి, నడకను హక్కుగా భావించే సమాజానికి మధ్య జరిగిన తగాదాగా కూడా మెనీని చదవవచ్చు. ఇంత సారవంతమైన విషయాన్ని చిత్రం తాకి వదిలేసింది. అరెస్టు దృశ్యంలోని ఉద్వేగం దర్శకుణ్ణి ముందుకు నెట్టింది. చట్టం ప్రసంగం వెనకబడింది.

అరెస్టుతో చిత్రస్వరూపం మారిపోతుంది. అంతవరకు ప్రశ్న అడిగే గొంతుగా ఉన్న బాక్స్టర్ ఆ క్షణంనుంచి పాత్ర అయ్యారు. ప్రేక్షకుడి సానుభూతి వృద్ధురాలినుంచి దర్శకుడివైపు మళ్ళుతుంది. దీన్ని ఆయన కోరుకోలేదు, అయినా జరిగింది. వృత్తిధర్మం తనకు తాను కనబడకుండా ఉండమంటుంది; ఎదుటిపక్షం అతణ్ణి లాగి తెరమీద నిలబెడుతుంది. రియాలిటీ టెలివిజన్ ప్రముఖుడితో తలపడిన విలేకరికి కలిగే నష్టాల్లో పోలీసుగది చిన్నది. వార్త స్థానంలో విలేకరి వచ్చి కూర్చోవడం పెద్దది. ఆరేళ్ళ తరువాత, 2016లో, అమెరికా ఎన్నికల ముందు విడుదల చేసిన 'యూవ్ బీన్ ట్రంప్డ్ టూ' మళ్ళీ ఆ వృద్ధురాలి నీటిసమస్యనే కేంద్రంగా తీసుకుంది. ఆరోపణల్ని ట్రంప్ సంస్థ తోసిపుచ్చింది. కళగా ఆ చిత్రం మొదటిదానికి సాటిరాదు. అయితే దర్శకుడు తన అరెస్టును పక్కనపెట్టి మొదటి ప్రశ్న దగ్గరికే తిరిగివెళ్ళడం గమనించదగినది. విలేకరి తనను తాను సరిదిద్దుకున్న పద్ధతి అది.

ఇదే కోవలో మరొక ఉదంతాన్ని ప్రస్తావించాలి. సెర్జ్ కోవలెస్కీ 1980ల చివర న్యూయార్క్ డైలీ న్యూస్‌లో నగరవిలేకరిగా ట్రంప్ వ్యాపారాల గురించి రాసినవారు. 2015 నవంబరులో దక్షిణ కరోలినా సభలో ట్రంప్ ఆయన పాతవార్తను ప్రస్తావిస్తూ చేతులు వంచి అనుకరించారు. కోవలెస్కీకి కీళ్ళ వైకల్యం ఉంది. వైకల్యాన్ని వెక్కిరించలేదని, ఆ వ్యక్తి ఎవరో గుర్తులేదని ట్రంప్ వివరణ ఇచ్చారు. తమ మధ్య పేర్లు పెట్టి పిలుచుకునే పరిచయం ఉండేదని కోవలెస్కీ చెప్పారు. ఇక్కడా వార్త పక్కకు పోయి విలేకరి శరీరం వార్త అయింది. రెండు ఉదంతాల్లోనూ పద్ధతి ఒక్కటే.

'లోకల్ హీరో' నీడ

బాక్స్టర్ చిత్రంలో అక్కడక్కడ బిల్ ఫోర్సైత్ 1983లో తీసిన 'లోకల్ హీరో' దృశ్యాలు కలుపుతారు. టెక్సస్ చమురు కంపెనీ స్కాటిష్ పల్లెను కొనాలని వస్తుంది. సముద్రతీరాన చిన్న పాకలో బతికే వృద్ధుడు తీరం అమ్మనంటాడు. సామ్యం కళ్ళకు కట్టినట్లుంది. ఆ సినిమాకోసం చిత్రీకరించిన గ్రామం పెన్నన్ కూడా అబర్డీన్‌షైర్‌లోదే. కాబట్టి దర్శకుడికి ఈ ఆశ కలగడం సహజం.

అయితే సామ్యం చెప్పినంత, భేదం చెప్పలేదు. ఫోర్సైత్ కథలో ఊరిజనం అమ్మడానికి ఉవ్విళ్ళూరుతారు. డబ్బు వచ్చాక ఏం చేయాలో లెక్కలు వేసుకుంటారు. హాస్యం అంతా అక్కడే పుడుతుంది. అమ్మననేవాడు ఒక్కడే. పైగా కంపెనీ యజమాని స్వయంగా వచ్చి ఆ వృద్ధుడితో ఏకాంతంగా మాట్లాడి మనసు మార్చుకుంటాడు; నక్షత్రాలమీద ప్రేమగల ధనికుడు అతడు. మెనీకి అటువంటి ధనికుడు రాలేదు. ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టినప్పుడు పుట్టవలసిన చేదు నిజం అది. చిత్రం దాన్ని తీయని విషాదంగా మెత్తబరిచింది. నేపథ్యసంగీతం కూడా అదే పని చేస్తుంది. దిబ్బలమీద గాలి, పొక్లెయిన్ చప్పుడు చాలినచోట సంగీతం అనవసరంగా చేయిపట్టి నడిపిస్తుంది. ప్రేక్షకుడిమీద నమ్మకం లేనప్పుడు దర్శకుడు సంగీతాన్ని ఆశ్రయిస్తాడు.

వినిపించని గొంతులు

ఇంతవరకు చెప్పిన పద్ధతుల వైరుధ్యాన్ని చిత్రానికే అన్వయించి చూస్తే ఏమి తేలుతుంది? బాక్స్టర్ చిత్రంలో కూడా తీర్పు ముందే ఉన్నదా? కొంతమేరకు ఉంది అనక తప్పదు. ప్రతిపాదనను సమర్థించిన స్థానికులు తక్కువమంది కారు. వ్యాపారసంఘాలు, ఉద్యోగాలు ఆశించిన యువకులు, అతిథిగృహాలు నడుపుకునే కుటుంబాలు అందులో ఉన్నారు. వారి వాదన చిత్రంలో బలహీనంగానే వినిపిస్తుంది. వారి ఆశను గౌరవంగా చూపి, ఆ తరువాత అంకెలు వారిని ఎలా మోసగించాయో చూపి ఉంటే విమర్శ మరింత లోతుగా దిగేది. చమురు తరువాత ఏమిటి అన్న భయం నిజమైనది. ఆ భయాన్ని లెక్కలోకి తీసుకోని చిత్రం, ఏడుగురు కౌన్సిలర్లు ఎంత ఒత్తిడి మధ్య ఓటు వేశారో కూడా పూర్తిగా చెప్పలేదు.

కాని ఈ లోపాన్ని రియాలిటీ కార్యక్రమపు లోపంతో సమానం చేయడం అన్యాయం. ఇళ్ళ చుట్టూ ఎత్తైన మట్టికట్టలు పోసి సముద్రాన్ని కనబడకుండా చేసిన దృశ్యం కూర్చిన దృశ్యం కాదు. మట్టి అక్కడ ఉంది. నీళ్ళు రాకపోవడం ఎడిటింగ్ బల్లమీద పుట్టలేదు. తనవైపు వాదనకు అనువైన వాస్తవాన్ని ఎన్నుకోవడం వేరు, వాస్తవాన్ని తీర్పుకు తగినట్టు తయారుచేయడం వేరు. మొదటిది విలేకరి బలహీనత, రెండవది ఆ ప్రక్రియ స్వభావం. 2014లో వచ్చిన 'ఎ డేంజరస్ గేమ్' చిత్రంలో ట్రంప్ బాక్స్టర్‌కు ఇంటర్వ్యూ ఇచ్చారు. అక్కడ ఎదురెదురుగా కూర్చున్నారు, ప్రశ్నలూ జవాబులూ సాగాయి. అయినా మొదటి చిత్రంలోని జవాబులేని ప్రశ్న అంత చెప్పింది ఆ ఇంటర్వ్యూ చెప్పలేదు. ప్రవేశం దొరకనప్పుడు తీసిన చిత్రం, ప్రవేశం దొరికాక తీసిన చిత్రంకన్నా సత్యానికి దగ్గరగా ఉండడం పత్రికారచన విద్యార్థులు ఆలోచించదగిన విషయం.

రాబర్ట్ గోర్డన్ విశ్వవిద్యాలయం 2010లో ట్రంప్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చిన ఘట్టమూ చిత్రంలో వస్తుంది. ఆ విశ్వవిద్యాలయం పూర్వాధిపతి డేవిడ్ కెనెడీ నిరసనగా తన గౌరవపట్టాను తిరిగి ఇచ్చివేశారు. విశ్వవిద్యాలయం ట్రంప్ పట్టాను 2015 డిసెంబరులో రద్దు చేసింది. కెనెడీ అయిదేళ్ళు ముందున్నారు.

చిత్రం తరువాత

మైదానం 2012 జూలైలో ప్రారంభమైంది. అదే ఏడాది అక్టోబరులో బీబీసీ 2 ఈ చిత్రాన్ని ప్రసారం చేసింది. 450 గదుల హోటలు రాలేదు. ఎస్టేట్‌లోని పాతభవనాన్నే చిన్న హోటలుగా మార్చి తల్లి ఇంటిపేరు పెట్టారు. 6,000 ఉద్యోగాల మాట దరిదాపుల్లో లేదు. మైదానం నడిపే కంపెనీ వరుసగా అనేక సంవత్సరాలు నష్టాలు చూపింది. 2020 డిసెంబరులో నేచర్‌స్కాట్ సంస్థ, దిబ్బల సహజలక్షణాలు తిరిగి సంపాదించలేనంతగా దెబ్బతిన్నాయని నిర్ణయించి, ఫోవెరాన్ లింక్స్‌లో ఆ మైదానం ఉన్న భాగానికి ప్రత్యేకరక్షణ హోదా తొలగించింది. రెండవ మైదానాన్ని 2025 జూలైలో ట్రంప్, అప్పటికి అమెరికా అధ్యక్షుడు, స్వయంగా ప్రారంభించారు.

దిబ్బలు కదులుతున్నప్పటి దృశ్యాలు బాక్స్టర్ చిత్రంలో ఉన్నాయి. పొక్లెయిన్లు వచ్చేముందు కొన్ని, వచ్చిన తరువాత కొన్ని. విమర్శకులు ఈ చిత్రాన్ని గురించి రాసేటప్పుడు ప్రముఖుడి మాటలమీద పెట్టిన శ్రద్ధ ఈ దృశ్యాలమీద పెట్టలేదు. గాలికి ఇసుక పలుచని తెరలా లేచి గడ్డిమీదుగా ఉత్తరదిక్కుకు పోతూ ఉంటుంది, కెమెరా చాలాసేపు అక్కడే ఉంటుంది, ఎవరూ మాట్లాడరు.